ఎంబీఏలో ఇంటర్నేషనల్ బిజినెస్ చదవడం ఎలా: ఒకే సరుకు, ఒకే దేశం పట్టుకుని రెండేళ్లూ నడిచే పద్ధతి

"ఐబీ తీసుకున్నాం, పేపర్లన్నీ పాసవుతున్నాం. ఇంటర్వ్యూలో మాత్రం ఒక కంటైనర్ మిరపపొడి దుబాయ్‌కి పంపాలంటే మొదట ఏం చేస్తావని అడిగితే నోరు పెగలడం లేదు." విద్యార్థుల నుంచి మళ్లీ మళ్లీ వినిపించే మాట ఇది. సిలబస్‌లో ట్రేడ్ థియరీ ఒక పేపరు, ఎగుమతి పత్రాలు ఇంకో పేపరు, విదేశీ మారకం మరో పేపరు. వీటన్నిటి మధ్యా ప్రయాణించేది ఒకే సరుకు. క్లాసులో ఆ సంగతి ఎవరూ కలిపి చూపించరు.

అందుకే ఈ మార్గదర్శి ఒకే పద్ధతి మీద నడుస్తుంది. మొదటి సెమిస్టర్‌లోనే ఒక సరుకునూ ఒక దేశాన్నీ ఎంచుకుని, ప్రతి పేపరునూ దాని మీదే ప్రయోగించాలి. ఇక్కడ ఉదాహరణగా గుంటూరు మిరపపొడిని, గమ్యంగా యూఏఈని తీసుకున్నాం.

## 1. చేరేముందు సిలబస్‌లో ఏం వెతకాలి

కోర్సు పేరులో "ఇంటర్నేషనల్" ఉన్నంతమాత్రాన అది ఐబీ కోర్సు అయిపోదు. ఐసెట్‌తో చేరే చాలా కాలేజీల్లో ఐబీ అంటే రెండో ఏడాదిలో ఒకటి రెండు ఎలక్టివ్ పేపర్లే. ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్), ఢిల్లీ విశ్వవిద్యాలయం వాణిజ్య విభాగం, పుణెలోని సింబయాసిస్ ఐఐబీ వంటిచోట్ల కోర్సంతా ఐబీ చుట్టూనే తిరుగుతుంది. మొదటి రెండిటికీ క్యాట్ స్కోరు కావాలి, మూడోదానికి సింబయాసిస్ సొంత ప్రవేశ పరీక్ష స్నాప్. ఐఐఎఫ్‌టీకి కాకినాడలో కూడా ప్రాంగణం ఉంది. ఏ ఏడాది ఏ కోర్సు ఏ ప్రాంగణంలో నడుస్తుందో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోండి.

సిలబస్ పీడీఎఫ్ తెరిచి ఈ ఆరూ ఉన్నాయేమో చూడండి:

- వాణిజ్య సిద్ధాంతం, డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ), వాణిజ్య ఒప్పందాలు
- ఎగుమతి, దిగుమతి విధానాలు, పత్రాలు
- అంతర్జాతీయ ఫైనాన్స్, విదేశీ మారకం
- షిప్పింగ్, లాజిస్టిక్స్
- అంతర్జాతీయ మార్కెటింగ్
- ఒక విదేశీ భాష

నాలుగు కన్నా తక్కువ ఉంటే ఆ కాలేజీని వదిలేయమని కాదు. లేని పేపర్లను మీరే సొంతంగా చదువుకోవాలని లెక్క. ఫీజు, ఊరు, ఇంటి పరిస్థితి చూసుకుని స్థానిక కాలేజీలో చేరినవాళ్లకే ఈ పద్ధతి ఎక్కువ అక్కరకొస్తుంది.

## 2. క్లాసులు మొదలయ్యేలోపు అరవై రోజులు

మూడు పనులు చాలు.

అంకెల భాష. ప్రపంచ డేటా మిలియన్లలో, బిలియన్లలో ఉంటుంది. మన ఆలోచన లక్షల్లో, కోట్లలో ఉంటుంది. 1 మిలియన్ అంటే 10 లక్షలు, 1 బిలియన్ అంటే 100 కోట్లు. రోజూ పేపర్లో కనిపించిన రెండు అంకెలను అటూ ఇటూ మార్చి రాయండి. ఒక సున్నా తప్పితే ప్రాజెక్టు మొత్తం తప్పుతుంది.

స్ప్రెడ్‌షీట్. పివట్ టేబుల్, ఎక్స్‌లుక్అప్ లేదా వీలుక్అప్, శాతం మార్పు లెక్క, సాధారణ గ్రాఫు. ఈ నాలుగూ చేతికి రావాలి.

ఎగుమతి వార్త. రోజుకు ఒకటి చదివి మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఏ సరుకు, దాని ప్రయాణంలో ఏ దశలో చిక్కు వచ్చింది, నష్టం ఎవరి మీద పడింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర రొయ్యల చెరువుల దగ్గర ధర ఎందుకు కదిలిందో ఈ మూడు ప్రశ్నలతో విప్పి చూడండి. ఆ ఒక్క వార్తలో సుంకం, మార్కెట్ మీద ఆధారపడటం, బేరమాడే బలం అన్నీ కనిపిస్తాయి. సుంకాలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఏ రేటు రాసినా పక్కన తేదీ వేయండి.

## 3. సరుకునూ దేశాన్నీ ఎంచుకోవడం

సరుకు ఎంపికలో మూడు నియమాలు పాటించండి.

1. మీరు వెళ్లి చూడగలిగినదై ఉండాలి. గుంటూరువాళ్లకు మిరప, భీమవరంవాళ్లకు రొయ్య, నిజామాబాద్‌వాళ్లకు పసుపు, హైదరాబాద్‌వాళ్లకు మందులు.
2. ఒకే హెచ్‌ఎస్ కోడ్‌లో, అంటే కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంతర్జాతీయ అంకెల కోడ్‌లో, ఇమడాలి. "ఆహార ఉత్పత్తులు" అనేది సరుకు కాదు. "చేనేత వస్త్రాలు" అన్నా చాలదు, నూలు చీరా పట్టు చీరా వేర్వేరు కోడ్‌లలోకి వెళ్తాయి.
3. దానికి నాణ్యత కొలత ఉండాలి. మిరపలో కొనేవాడు ఆస్టా రంగు విలువ (ఎరుపు ఎంతుందో చెప్పే కొలత), కారం కొలిచే స్కోవిల్ యూనిట్లు, తేమ శాతం, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), పురుగుమందుల అవశేషాలు అడుగుతాడు. రొయ్యలో కౌంటు (ఇంత బరువుకు ఎన్ని రొయ్యలో), యాంటీబయోటిక్ అవశేషాలు అడుగుతాడు.

దేశం ఎంపికలో ఎక్కువమంది అమెరికా వైపే మొగ్గుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు యూఏఈ మెరుగైన బడి. దానితో మనకున్న సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, అంటే సెపా, 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని దిర్హమ్ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. జెబెల్ అలీ రేవు నుంచి సరుకు ఇతర దేశాలకు మళ్లీ ఎగుమతి అవుతుంది. వాణిజ్య ఒప్పందం, స్థిర మారకం రేటు, పునరెగుమతి అనే మూడు పాఠాలూ ఒక్క దేశంలోనే దొరుకుతాయి.

## 4. హెచ్‌ఎస్ కోడ్: ఇక్కడ తప్పితే పైనంతా తప్పే

హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి 6 అంకెలు ఆ విధానాన్ని పాటించే దేశాలన్నిటిలోనూ ఒకటే. తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివే. మన దగ్గర మొత్తం 8 అంకెలు.

దగ్గరగా చూద్దాం. సుగంధ ద్రవ్యాలు ఉండేది 09వ అధ్యాయం. మిరియాలూ మిరపా 0904 కింద వస్తాయి. దంచని, పొడి కొట్టని ఎండుమిరప 090421. పొడి అయితే 090422. అదే మిరపపొడిలో ధనియాలు, జీలకర్ర కలిపి మసాలా చేస్తే 0910 కింద మిశ్రమాల్లోకి పోతుంది. పచ్చడి చేస్తే 09వ అధ్యాయంలోనే ఉండదు.

కాయ, పొడి, మసాలా మూడూ ఒకే తోటలో పుట్టినా సుంకం వేరు కావచ్చు, ఎగుమతి సరుకులో కలిసిపోయిన పన్నులకు మన ప్రభుత్వమిచ్చే రోడ్‌టెప్ వాపసు వేరు కావచ్చు, ఒప్పందంలో ఉత్పత్తి మూలం రుజువు చేసే నియమం వేరు కావచ్చు.

పని వరుస: అధ్యాయం తలలో ఉండే నోట్స్ చదవండి, నాలుగంకెల శీర్షిక తేల్చండి, ఆరంకెలకు దిగండి, చివరికి మన 8 అంకెల కోడ్ రాసుకోండి. ఆ తర్వాత గమ్య దేశపు సుంకాల పట్టికలో పూర్తి కోడ్ విడిగా వెతకండి.

తరచు జరిగే తప్పు: సెర్చ్ పెట్టెలో "చిల్లీ" అని కొట్టి, మొదట వచ్చిన కోడ్ తీసుకోవడం. పచ్చిమిర్చి కూరగాయల అధ్యాయమైన 07లో ఉంటుంది. ఆ కోడ్‌తో డేటా లాగితే మార్కెట్ పరిమాణమే మారిపోతుంది.

## 5. డేటా లాగడం, దాన్ని నమ్మేముందు నలగ్గొట్టడం

మూడు వనరులు చాలు: మన వాణిజ్య మంత్రిత్వ శాఖ ఎగుమతి దిగుమతి డేటా బ్యాంకు, ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్, ఐటీసీ ట్రేడ్ మ్యాప్. సుంకాలకు ఐటీసీ మార్కెట్ యాక్సెస్ మ్యాప్ చూడండి.

అయిదేళ్ల డేటా తీసుకోండి. విలువ ఒక్కటే కాదు, పరిమాణం కూడా తీసుకోండి. విలువను పరిమాణంతో భాగిస్తే కిలోకు సగటు ధర వస్తుంది. విలువ పెరిగి పరిమాణం తగ్గితే అక్కడ పెరిగింది ధర, గిరాకీ కాదు. సెమినార్లలో "మార్కెట్ 20 శాతం పెరిగింది" అంటూ చూపించే స్లైడ్లు చాలావరకు ఈ పరీక్షకు నిలవవు.

నాలుగు ఉచ్చులు గుర్తుంచుకోండి:

- ఏడాది తేడా. మన డేటా ఎక్కువగా ఏప్రిల్ నుంచి మార్చి వరకు. కామ్‌ట్రేడ్ వార్షిక డేటా జనవరి నుంచి డిసెంబరు వరకు. రెండిటినీ ఒకే గ్రాఫులో పెట్టకండి.
- అద్దం డేటా. భారత్ చెప్పిన ఎగుమతి, యూఏఈ చెప్పిన దిగుమతి ఒకటి కావు. మనం ఎఫ్‌ఓబీ విలువ (సరుకు ఓడెక్కేదాకా అయిన ధర) చెబుతాం, దిగుమతి దేశం సాధారణంగా సీఐఎఫ్ విలువ (దానికి కిరాయి, బీమా కలిపినది) చెబుతుంది. ఓడ కిరాయి, బీమా, ప్రయాణ కాలం తేడా తెస్తాయి.
- పునరెగుమతి. యూఏఈకి వెళ్లిన మిరపంతా అక్కడివాళ్లే తినరు. యూఏఈ ఎగుమతుల డేటానూ తీసి చూడండి. ఆ పని చెయ్యకుండా తలసరి వినియోగం లెక్కకడితే నమ్మలేని అంకె వస్తుంది.
- యూనిట్లు. ఒక పట్టిక టన్నుల్లో, ఇంకోటి కిలోల్లో ఉంటుంది. కలిపేముందు శీర్షికలు చదవండి.

డేటా చేతికొచ్చాక మొదట కట్టాల్సిన సూచిక ఆర్‌సీఏ (రివీల్డ్ కంపారిటివ్ అడ్వాంటేజ్). మన మొత్తం ఎగుమతుల్లో ఆ సరుకు వాటాను, ప్రపంచ ఎగుమతుల్లో అదే సరుకు వాటాతో భాగించాలి. ఊహాత్మక అంకెలతో: మన ఎగుమతులు 400, అందులో సరుకు 1.2 అంటే వాటా 0.3 శాతం. ప్రపంచ ఎగుమతులు 20,000, అందులో సరుకు 6 అంటే వాటా 0.03 శాతం. ఆర్‌సీఏ 10. ఒకటి దాటితే ఆ సరుకులో మనకు పైచేయి ఉన్నట్టు. అయితే ఆ పైచేయి నాణ్యత వల్లో, సబ్సిడీ వల్లో, పోటీ దేశంలో పంట పోవడం వల్లో ఈ అంకె చెప్పదు. దాన్ని మీరే రాయాలి, మార్కులు కూడా అక్కడే ఉన్నాయి.

## 6. సిద్ధాంతాలను ప్రశ్నలుగా మార్చుకోండి

నిర్వచనాలు బట్టీ పట్టేకన్నా, ప్రతి నమూనా ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ఒక్క వాక్యంలో రాసుకోండి.

- తులనాత్మక ప్రయోజనం: మనం మిరపే ఎందుకు అమ్ముతున్నాం, చిప్‌లు ఎందుకు కొంటున్నాం?
- కేజ్ నమూనా: ఈ దేశం మనకు సంస్కృతి, పాలన, దూరం, ఆదాయం అనే నాలుగు కొలతల్లో ఎంత దూరం?
- డన్నింగ్ ఓఎల్ఐ (యాజమాన్యం, స్థలం, సొంతంగా నడపడం అనే మూడు ప్రయోజనాల నమూనా): పొడి ఇక్కడ చేసి పంపాలా, అక్కడివాళ్లకు లైసెన్సు ఇవ్వాలా, అక్కడే ప్లాంటు పెట్టాలా?
- ఉప్సాల నమూనా (విదేశాలకు అంచెలంచెలుగా విస్తరించడం): ముందు ఏ దేశం, తర్వాత ఏ దేశం?

కేజ్‌ను యూఏఈకి వేసి చూడండి. మైళ్లలో దగ్గర. లక్షలాది భారతీయులున్న దేశం కాబట్టి రుచిలోనూ దగ్గర. పాలన కొలతకు వచ్చేసరికి సెపా దగ్గర చేస్తుంది, ప్యాకెట్ మీద అరబిక్ లేబుల్ తప్పనిసరి కావడం దూరం పెంచుతుంది. ఇలా ఒక్కో కొలత కింద సరుకుకు సంబంధించిన ఒక్కో వాస్తవం రాస్తే అది విశ్లేషణ. "సాంస్కృతిక తేడాలు ముఖ్యం" అని రాస్తే దానికి ఏ దేశమైనా సరిపోతుంది.

## 7. ఎగుమతి ధర కట్టడం

ఈ లెక్క చేత్తో ఒక్కసారైనా చెయ్యనిదే ఐబీ చదివినట్టు కాదని మా అభిప్రాయం. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి, మార్కెట్ ధరలు కావు. సరుకు 10,000 కిలోల మిరపపొడి. 25 కిలోల సంచులు 400. డాలరు ₹85.

1. సరుకు ఖర్చు, కిలో ₹220 చొప్పున: ₹22,00,000
2. ప్యాకింగ్, కిలో ₹6 చొప్పున: ₹60,000
3. ల్యాబ్ పరీక్షలు, పత్రాలు: ₹40,000
4. గుంటూరు నుంచి చెన్నై రేవుకు లారీ: ₹35,000
5. రేవు ఛార్జీలు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు: ₹45,000

రేవు వరకు ఖర్చు ₹23,80,000. దాని మీద 8 శాతం లాభం ₹1,90,400. ఎఫ్‌ఓబీ ధర ₹25,70,400, అంటే 30,240 డాలర్లు.

ఓడ కిరాయి 900 డాలర్లు కలిపితే సీఎఫ్ఆర్ (సరుకు ధర, కిరాయి కలిసిన విలువ) 31,140 డాలర్లు.

ఇక బీమా. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బీమా చెయ్యాల్సింది సీఐఎఫ్ విలువకు 110 శాతం. సీఐఎఫ్ తెలియాలంటే బీమా తెలియాలి, బీమా తెలియాలంటే సీఐఎఫ్ తెలియాలి. ప్రీమియం 0.2 శాతం అనుకుంటే, 1.1ని 0.002తో గుణిస్తే 0.0022. సీఎఫ్ఆర్ విలువను (1 – 0.0022)తో, అంటే 0.9978తో భాగించండి. సీఐఎఫ్ 31,208.66 డాలర్లు. బీమా 68.66 డాలర్లు. కిలో ధర సుమారు 3.12 డాలర్లు.

తప్పులు, దిద్దుబాటు

- లాభాన్ని ఖర్చు మీద కట్టాలో, అమ్మకం ధర మీద కట్టాలో చెప్పకపోవడం. అదే 8 శాతం అమ్మకం ధర మీద కావాలంటే ₹23,80,000ను 0.92తో భాగించాలి, ₹25,86,957 వస్తుంది. తేడా ₹16,557. ఏది వాడారో షీటులో రాయండి.
- ప్రోత్సాహకాలను ముందే ధరలోంచి తీసేయడం. రోడ్‌టెప్, డ్రాబ్యాక్ (ముడిసరుకు మీద కట్టిన సుంకం వాపసు) తర్వాత వచ్చే రాబడి. వాటిని వేరే గడిలో చూపించి, అవి లేకపోయినా లావాదేవీ నిలుస్తుందో లేదో చూడండి.
- జీఎస్టీని ఖర్చులో కలిపేయడం. ఎగుమతికి జీఎస్టీ సున్నా రేటు. ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి పన్ను కట్టకుండా పంపవచ్చు, లేదా ఐజీఎస్టీ కట్టి వాపసు తీసుకోవచ్చు. రెండో దారిలో డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుంటుంది, ఆ వడ్డీ మాత్రం ఖర్చే.

## 8. ఇన్‌కోటెర్మ్స్: ఖర్చు ఒక గీత, నష్టభయం ఇంకో గీత

అమ్మేవాడు, కొనేవాడు ఖర్చునూ నష్టభయాన్నీ ఎలా పంచుకోవాలో చెప్పే ఇన్‌కోటెర్మ్స్ 2020లో 11 నిబంధనలున్నాయి. పదకొండింటికీ ఒకే బొమ్మ గీయండి. గుంటూరు ఫ్యాక్టరీ, చెన్నై టెర్మినల్, ఓడ, జెబెల్ అలీ, కొనేవాడి గోదాము. ప్రతి నిబంధనకూ రెండు గీతలు వేయండి, ఖర్చు ఎక్కడిదాకా అమ్మేవాడిదో ఒకటి, నష్టభయం ఎక్కడ చేతులు మారుతుందో ఇంకోటి.

నిబంధనలను పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరంతో గుంపులు చేస్తారు. ఈ, ఎఫ్, డీ గుంపుల్లో రెండు గీతలూ దాదాపు కలిసే ఉంటాయి. సీ గుంపులోనే విడిపోతాయి. సీఐఎఫ్‌లో అమ్మేవాడు జెబెల్ అలీ దాకా కిరాయి, బీమా కడతాడు, కానీ నష్టభయం చెన్నైలో సరుకు ఓడెక్కగానే కొనేవాడికి పోతుంది. దారిలో సముద్రపు నీళ్లు చేరి పొడి గడ్డకడితే నష్టం కొనేవాడిది.

ఆ కొనేవాడు బీమా దగ్గరికి వెళ్తాడు. సీఐఎఫ్ కింద అమ్మేవాడు కట్టాల్సిన కనీస బీమా క్లాజ్ సీ, అంటే కొన్ని పెద్ద ప్రమాదాలకే వర్తించే సరుకు బీమా. అందులో అగ్నిప్రమాదం, ఓడలు ఢీకొనడం వంటివి ఉంటాయి, సముద్రపు నీళ్లు చేరడం ఉండదు. అందుకే తేమకు చెడే సరుకుకు ఒప్పందంలోనే దాదాపు అన్ని నష్టాలకూ వర్తించే క్లాజ్ ఏ అడగాలి. సీఐపీలో (చెప్పిన చోటిదాకా కిరాయి, బీమా అమ్మేవాడు కట్టే నిబంధన) అయితే ఇన్‌కోటెర్మ్స్ 2020 ప్రకారం క్లాజ్ ఏ ఎలాగూ ఉండాలి.

ఇంకో మాట. కంటైనర్ సరుకును మనం ఓడ మీద అప్పగించం, టెర్మినల్‌లో అప్పగిస్తాం. అందుకే కంటైనర్‌కు ఎఫ్‌ఓబీ కన్నా ఎఫ్‌సీఏ (సరుకును రవాణాదారుకు అప్పగించే నిబంధన), సీఐఎఫ్ కన్నా సీఐపీ సరైనవి. బజార్లో అందరూ ఎఫ్‌ఓబీ అనే అంటారు, కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లులోనూ ఎఫ్‌ఓబీ విలువే రాస్తారు. పై లెక్కలో ఆ పేర్లు వాడింది అందుకే. పరీక్షలో ఈ తేడా ఒక వాక్యంలో రాయండి.

## 9. పత్రాల వరుస, ఎల్‌సీ

పత్రాలను జాబితాగా కాక వరుసగా నేర్చుకోండి, ఏది లేకపోతే ఏది కదలదో తెలిసేలా.

1. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) నుంచి ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్. దాని సంఖ్య పాన్ సంఖ్యే. ఫీజు ₹500.
2. విదేశీ మారకం చూసే బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్ కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు.
3. మిరపకైతే స్పైసెస్ బోర్డు నమోదు.
4. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (ముందస్తు ధర పత్రం), ఆర్డరు, చెల్లింపు విధానం ఖరారు.
5. ల్యాబ్ నివేదిక, కమర్షియల్ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్.
6. షిప్పింగ్ బిల్లు, కస్టమ్స్ తనిఖీ, ఎగుమతికి అనుమతి ఉత్తర్వు.
7. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం). సెపా రాయితీ కావాలంటే మూల ధ్రువపత్రం.
8. పత్రాలు బ్యాంకుకు. డబ్బు వచ్చాక ఈ-బీఆర్‌సీ (డబ్బు అందినట్టు ధ్రువపత్రం).

చెల్లింపు విధానాలను అమ్మేవాడికి భద్రత ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి: అడ్వాన్సు, ఎల్‌సీ (సరైన పత్రాలిస్తే చెల్లిస్తానని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ), డీపీ (డబ్బు కట్టాకే పత్రాలు), డీఏ (గడువులో కడతానని ఒప్పుకుంటే పత్రాలు), ఓపెన్ అకౌంట్ (ముందు సరుకు, తర్వాత డబ్బు). కొనేవాడి వైపు నుంచి ఇదే వరుస తిరగబడుతుంది. కిందికి దిగేకొద్దీ కొనేవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ బీమా అవసరం పెరుగుతుంది.

ఎల్‌సీని దాని అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600తో కలిపి చదవండి. బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. పత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 బ్యాంకు పనిదినాలుంటాయి. ఈ మూడు అభ్యాసాలు చేస్తే ఎల్‌సీ భయం పోతుంది.

తేదీల అభ్యాసం. ఓడకెక్కించే చివరి తేదీ మార్చి 31, ఎల్‌సీ గడువు ఏప్రిల్ 15. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ మార్చి 29. పత్రాలు ఎప్పటిలోగా ఇవ్వాలి? ఎల్‌సీలో వేరే చెప్పకపోతే 21 రోజులు కాబట్టి ఏప్రిల్ 19 అని రాస్తే తప్పు. గడువు ఏప్రిల్ 15, ముందొచ్చేదే చెల్లుతుంది.

పరిమాణం అభ్యాసం. ఎల్‌సీలో "10,000 కిలోలు" అని మాత్రమే ఉంటే, డ్రా చేసే మొత్తం ఎల్‌సీ విలువ దాటనంతవరకు 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. 9,700 కిలోలు పంపినా పర్వాలేదు. అదే ఎల్‌సీ "400 సంచులు" అంటే ఆ వెసులుబాటు లేదు. రెండు సంచులు తగ్గినా లోపమే.

వర్ణన అభ్యాసం. ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలోని వర్ణనకు సరిపోవాలి. మిగతా పత్రాల్లో సాధారణ పేరు చాలు, కానీ విరుద్ధంగా ఉండకూడదు. ఎల్‌సీలో "మిరపపొడి" ఉండి ఇన్‌వాయిస్‌లో "ఎండుమిరప" అని ఉంటే డబ్బు ఆగుతుంది. సరుకు ఎంత బాగున్నా సరే.

## 10. విదేశీ మారకం: వడ్డీని కాలానికి తగ్గట్టు భాగించడం మర్చిపోకండి

దిర్హమ్ డాలరుకు కట్టేసి ఉంది కాబట్టి, యూఏఈతో వ్యాపారంలో మనకు ఉండే ముప్పు దాదాపు మొత్తం రూపాయి–డాలరు ముప్పే. 90 రోజుల డీఏ మీద అమ్మితే మూడు నెలల ఫార్వర్డ్ రేటు, అంటే అప్పటి మార్పిడికి ఇవాళే ఖాయం చేసుకునే రేటు, కావాలి.

స్పాట్ (ఇవాళ్టి రేటు) ₹85, రూపాయి వడ్డీ ఏడాదికి 6.5 శాతం, డాలరు వడ్డీ 4.5 శాతం అనుకుందాం. మూడు నెలలకు అవి 1.625 శాతం, 1.125 శాతం. 85ను 1.01625తో గుణించి 1.01125తో భాగిస్తే ₹85.42.

ఏడాది వడ్డీని అలాగే వేసేస్తే ₹86.63 వస్తుంది. పైన కట్టిన సీఐఎఫ్ మొత్తం మీద ఈ తప్పు సుమారు ₹37,650. లాభంలో అయిదో వంతు కాగితం మీదే పుట్టిందన్నమాట.

జవాబు సరిచూసుకోవడానికి ఒక గుర్తు. ఏ కరెన్సీ వడ్డీ ఎక్కువో అది ఫార్వర్డ్‌లో చౌకవుతుంది. రూపాయి వడ్డీ ఎక్కువైతే డాలరుకు ఎక్కువ రూపాయలు రావాలి. మీ జవాబు ₹85 కన్నా తక్కువ వస్తే పైదీ కిందిదీ తారుమారు చేశారు.

## 11. భాష, మర్యాద

రెండేళ్లలో ఒకే భాష, కనీసం ఏ2 స్థాయి (ఐరోపా కొలతలో రెండో మెట్టు). జపనీస్ అయితే ఎన్5 నుంచి ఎన్4 దాకా (ఆ భాష పరీక్షలో మొదటి రెండు మెట్లు). హైదరాబాద్‌లో ఫ్రెంచికి ఆలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మనుకు గోథే జెంట్రమ్ ఉన్నాయి. రెండు భాషలు మొదలుపెట్టి రెండూ ఏ1 దగ్గర ఆపేస్తే రెజ్యూమెలో పనికిరావు.

సంస్కృతి పేపరును చిన్న వాస్తవాలతో చదవండి. యూఏఈ సమాఖ్య ప్రభుత్వ కార్యాలయాలకు 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజే పని. మీ బ్యాంకు పత్రాలు ఏ వారంలో చేరాలో దీనితో ముడిపడి ఉంటుంది.

## 12. ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఏం అడగాలి

పెద్ద పేరున్న కంపెనీలో మార్కెట్ సర్వే కన్నా, చిన్న క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ఎనిమిది వారాలు ఎక్కువ నేర్పుతాయి. విశాఖ రేవు చుట్టూ ఉన్న ఫ్రైట్ ఫార్వర్డర్లు (సరుకు రవాణా ఏర్పాట్లు చేసేవాళ్లు), హైదరాబాద్ సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపోతో పనిచేసే ఏజెంట్లు, గుంటూరు మిరప ఎగుమతిదారులు, హైదరాబాద్ మందుల కంపెనీల రెగ్యులేటరీ విభాగాలు అడగదగ్గవి.

అడిగేటప్పుడు "ఏదైనా నేర్పండి సార్" అనకండి. "మూడు షిప్‌మెంట్ల ఫైళ్లు మొదటి నుంచి చివరిదాకా చూసి, ఏ దశలో ఎన్ని రోజులు పట్టిందో పట్టిక చేసిస్తాను" అనండి. వాళ్లకూ ఉపయోగపడే పని కాబట్టి ఒప్పుకుంటారు. కొనేవాళ్ల పేర్లు, ధరలు రిపోర్టులో రాయకూడదని మొదటిరోజే మాట ఇచ్చి, ఆ మాట మీదే ఉండండి.

## 13. నాలుగో సెమిస్టర్ చివరికి మీ ఫైల్లో ఉండాల్సినవి

- ఒక సరుకు 8 అంకెల కోడ్, ఆ కోడే ఎందుకో అయిదు వాక్యాలు
- అయిదేళ్ల విలువ, పరిమాణం, కిలో ధర పట్టిక, పక్కన వనరు పేరు, తీసిన తేదీ
- ఆర్‌సీఏ లెక్క, దాని వెనకున్న కారణం మీద ఒక పేజీ
- గమ్య దేశంలో సాధారణ సుంకం, ఒప్పందపు సుంకం పక్కపక్కన
- ఫ్యాక్టరీ నుంచి సీఐఎఫ్ దాకా ధర షీటు, డాలరు రేటు ఒక గడిలో మారిస్తే మిగతావన్నీ మారేలా
- రెండు గీతల ఇన్‌కోటెర్మ్స్ బొమ్మ
- పేర్లు చెరిపేసిన ఒక ఎల్‌సీ నమూనా, దానికి మీరు రాసిన లోపాల జాబితా
- ఇంటర్న్‌షిప్‌లో చేసిన దశలు, రోజుల పట్టిక

ఇంటర్వ్యూకు వెళ్లేముందు రోజు ధర షీటులో ఆరోజు డాలరు రేటు, ఆరోజు మిర్చి యార్డు ధర వేసి కొత్త సీఐఎఫ్ రాసుకోండి. మిరపపొడి కంటైనర్ ప్రశ్న వచ్చినప్పుడు ఆ అంకెతోనే మొదలుపెట్టండి.